నాలుగేళ్ళవాడి భాష

ఓల్డెన్‌బుర్గ్‌లో, విదేశీయుల ఆఫీసులో,
మూడో నంబరు గదిలో
నా వయసు ఇరవై రెండు.
కళ్ళజోడు మీదుగా చూస్తూ ఆవిడ అడిగింది:
ఇక ముందు ఏం చేద్దామని?
నోరు తెరిచాను.
లోపల్నించి ఫీటె మాట్లాడాడు.

"పెద్దయ్యాక నర్సునవుతా. నిజ్జంగా. ఒట్టు!"

ఆవిడ నవ్వింది. వెక్కిరింపేం కాదు,
బస్సులో ముందు సీట్లోంచి తొంగిచూసే పసివాణ్ణి చూసి
నవ్వుతారే, అలా.
నేనూ నవ్వాను. చెవులు మాత్రం కాలిపోయాయి.

ఏం చెయ్యను, నా గురువుకి నాలుగేళ్ళు.
మంగళ, గురువారాల్లో క్లాసుకీ పోతాను,
అక్కడ విభక్తులు నేర్పుతారు.
వీడు నేర్పింది వేరు:
వద్దు. ఇంకోసారి. నేనే చేస్తా.
వానపాముకి పేరు పెట్టకుండా చేతిలోకి తీసుకోకూడదని.
కుడి బూటు ఎడమకాలికి తొడిగితే
ఎంత గొంతుతో ఏడవాలో.

అంత్‌సిరాబేలో ఏజెన్సీ వాళ్ళిచ్చిన కాగితం మీద
ఓ పెయిర్ అని రాసుంది.
బళ్ళో ఫ్రెంచి చదివినదాన్ని, అర్థం నాకు తెలుసు.
సమానంగా, అని చెప్పాను అక్కతో.
"ఎవరితో?" అంది హంటా,
ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఊదుతూ.
బూడిద ఎగిరి కాగితం మీద పడింది.
దులిపేసి సంతకం పెట్టాను.

ఉన్నమాట చెప్పాలి, వీళ్ళు మంచివాళ్ళే.
భోజనాల బల్ల దగ్గర నాకో కుర్చీ ఉంది.
వారానికి ముప్పై గంటలని
ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద చీటీ ఉంది.
వాడికి జ్వరమొచ్చిన రాత్రుల్ని
ఆ చీటీలోకి ఎవరూ ఎక్కించలేదు, నేనూ అడగలేదు.
నెలకి రెండొందల ఎనభై యూరోలు, కవరులో.
కవరు మీద వీబ్కె గీసిన పువ్వు.
హౌకె తన స్నేహితులకి చూపిస్తూ
"మా లలైన" అన్నాడొకసారి.
ఆ 'మా' ఎంత వెడల్పో
ఇంకా కొలుస్తూనే ఉన్నాను.

సాయంత్రమైతే చల్లటి రొట్టె, జున్ను, దోసకాయ చక్రాలు.
అది భోజనమేనని కడుపుకి నచ్చజెప్పేసరికి
మార్చి వచ్చింది.
అంతకుముందే, నవంబరులో,
వాళ్ళు ఎవరిదో పెళ్ళికి పోయిన రాత్రి
బియ్యం పొయ్యిమీద పెట్టి
కావాలనే మాడ్చాను.
గిన్నె అడుగు నల్లబడేదాకా పక్కనే నిలబడి,
ఆ మాడుమీద నీళ్ళు పోసి, మరగనిచ్చి, వడగట్టాను.
రనువూల.
మా భాషలో ఆ ఒక్క మాటలో
నీళ్ళూ ఉన్నాయి, డబ్బూ ఉంది.

పొగకి పైకప్పు మీది యంత్రం కూసింది.
బొమ్మనక్కని తోకపట్టి ఈడ్చుకుంటూ వచ్చాడు ఫీటె.
ఒక గుక్క తాగాడు, ఆలోచించాడు.
"మంట చల్లారిపోయిన రుచి" అన్నాడు.
"ఇంకోసారి."

ఆ గిన్నె రెండురోజులు తోమాను.
వీబ్కె ఒక్కమాట అనలేదు.
కొత్త గిన్నె కొంది.

ఆగస్టుతో ఏడాది నిండుతుంది.
నా గదిలోకి జార్జియా నుంచి తెక్లె వస్తుంది.
వానపాముల సంగతి ఆమెకి రాసిపెట్టాలి.
నేను బ్రేమర్‌హాఫెన్ పోతాను, నర్సింగు శిక్షణకి,
ఈ కళ్ళజోడావిడ ముద్ర వేస్తే.
ముసలాళ్ళ వార్డట.
వాళ్ళకి నా జర్మన్ సరిపోతుందనుకుంటా:
ఇంకొక్క చెంచా. భయంలేదు. నేనున్నాగా.

వాడికి నేను గుర్తుండను.
ఈ వయసు మనుషులెవరూ తర్వాత గుర్తుండరట.
ఎవరో చెప్పారు, మంచి చెయ్యబోయి.

"కాగితాలు" అంది ఆవిడ.
సంచిలో చెయ్యి పెడితే ముందు తగిలింది
పోయిన అక్టోబరునాటి చెస్ట్‌నట్ గింజ,
మెరుపు పోయి, ముడతలు పడి.
ఎప్పుడు వేశాడో.
కాగితాలతోపాటు బల్లమీదకి దొర్లింది.

"ఎవరిది?" అందావిడ.

షష్ఠీ విభక్తి.
గురువారం పాఠం. అప్పజెప్పాను కూడా.
వాడిది అనాలో, నాది అనాలో తేలక
ముద్ర పట్టుకున్న ఆ చెయ్యినే చూస్తూ
"మాది" అన్నాను.